ఊపిరిపూస

ఆ రోజుల్లో గోదావరిఖనిలో చంటిపిల్లల మొలతాటికి ఊపిరిపూస కట్టని ఇల్లే లేదు. గాలి చెడినా, పిల్ల రొప్పినా ఆ పూస ఇంట్లోవాళ్లను హెచ్చరించేది, దవాఖానకు కబురు పంపేది.

ఒక ఆదివారం రాజవ్వ మనవరాలికి నీళ్లు పోసి, తల తుడిచి, సాంబ్రాణి వేసింది.

"పొగ ఆపండి. పాప ఊపిరి బిగుస్తోంది," అంది పూస.

"నా పిల్లలందరినీ ఈ పొగతోనే సాకిన. నువ్వా నాకు చెప్పేది?" అని రాజవ్వ విసుక్కుని, పూసను విప్పి గూట్లో పడేసింది.

కాసేపటికే పిల్ల తెరలు తెరలుగా దగ్గింది. ఆ తర్వాత డొక్కలెగరేయసాగింది. రాజవ్వ నిప్పుల మీద నీళ్లు కుమ్మరించి, పూసను మళ్లీ కట్టింది. కాసేపట్లోనే దవాఖాన బండి వాకిట్లో ఆగింది.

కోడలు శ్రావ్య పని నుంచి పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల మందుగాలి పీల్చి తేరుకుంటోంది.

"పూసను నేనే ఇప్పిన బిడ్డా," అంది రాజవ్వ తల దించుకుని. శ్రావ్య పిల్లను గుండెలకు హత్తుకుంది.

తర్వాతి ఆదివారం రాజవ్వ నీళ్లు కాగబెట్టలేదు. శ్రావ్యే కాగబెట్టి, పిల్లను ఎత్తుకొచ్చింది.

"ఇంకా నా చేతికిస్తవా?" అంది రాజవ్వ.

"పొగ ఒద్దు అత్తమ్మా. నీళ్లు మాత్రం నువ్వే పొయ్యాలె. నేను పోస్తే ఏడుస్తది, నీ కాళ్ల మీదైతే నవ్వుతది."

రాజవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పీట వేసుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది.