గుట్ట మీద గడ్డిచుట్టలు

తెల్లారి చూస్తే కొట్టం దగ్గర ఒక్క ఆవూ లేదు.

ఆగ్నెస్ బూట్లు తొడుక్కుని ఆ కెనడా మంచులోకి పరిగెత్తింది.

ఆవులన్నీ గుట్ట మీద ఉన్నాయి. వాటి మధ్య ఎమిల్, నవంబరులో పని అడుగుతూ వచ్చిన ముసలాయన, పెద్ద గడ్డిచుట్టకున్న తాడు కోస్తున్నాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేకపోయినా కత్తి చకచకా ఆడుతోంది.

“పెద్దాయనా, ఈ సస్కాచ్వాన్ చలిలో ఇంతదూరం ఊరేగింపు దేనికి? కొట్టం పక్కనే వెయ్యొచ్చుగా?”

“అక్కడ పేడ పడితే ఎవరికి లాభం అమ్మాయ్? ఇక్కడ పడితే నేలకి బలం.”

“ఈ నేలకా? ఎప్పుడో ఎవడో గోధుమలకని దున్ని, మట్టంతా గాలికి వదిలేశాడు. వాడు కనబడితే నాలుగు వాయిద్దును.”

“వాయించాల్సిందే,” అన్నాడు ఎమిల్ తలెత్తకుండా.

గుట్ట మీద మేత లేకే, వచ్చే వేసవికి సగం ఆవుల్ని అమ్మేద్దామనుకుంటోంది ఆగ్నెస్. ప్రతి ఆవునీ పేరు పెట్టి పిలుచుకునే మనిషి.

ఎమిల్ వారం వారం చుట్టలు వేసే చోటు మార్చాడు. ఆవులు కొంత తిన్నాయి, కొంత తొక్కాయి, తొక్కినదాని మీదే పడుకున్నాయి.

ఫిబ్రవరికి గడ్డి తరిగిపోయింది. ఆగ్నెస్ గుట్టెక్కి వచ్చింది.

“తినేది సగం, పరుపులు సగం. ఇక చాలు పెద్దాయనా. రేపట్నుంచి నేనే కొట్టం దగ్గర వేసుకుంటాను.”

ఎమిల్ కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఉత్తరం వాలున నాలుగు చుట్టలు పెట్టి పోనా?”

ఆ మొహం చూసి కాదనలేకపోయింది.

పెట్టాడు. ఆమె మూటకట్టిచ్చిన రొట్టె కోటు జేబులో దూర్చుకుని వెళ్ళిపోయాడు.

జూన్‌లో గుట్ట చూసి ఆగ్నెస్ నిలబడిపోయింది.

చుట్టలు పెట్టిన చోటల్లా గడ్డి చిక్కగా, ముదురాకుపచ్చగా మోకాలు దాటి లేచింది. ఉత్తరం వాలున ఆ నాలుగు చోట్లా మరీనూ.

ఇక ఏ ఆవునీ అమ్మక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే పెరట్లో పుల్లటి రూబార్బ్ కాడలు కోసి, వాటితో తీపి రొట్టె కాల్చింది. వేడివేడిగా గుడ్డలో చుట్టుకుని, పక్క పొలం వాల్టర్ ఇంటికి వెళ్ళింది.

“బాబాయ్, రెండు వేళ్ళు లేని ఎమిల్ అనే ఆయన ఎక్కడుంటాడో తెలుసా? వెళ్ళి పిలుచుకురావాలి.”

వాల్టర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఏప్రిల్‌లో పోయాడమ్మా. తనెవరో నీకు చెప్పలేదా? మీ మామగారు కొనకముందు ఆ భూమంతా అతనిదే.”

ఆగ్నెస్ చేతుల్లో రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది.

“ఆ గుట్టని,” అన్నాడు వాల్టర్, “గోధుమలకని దున్నింది అతనే.”