నీలం డబ్బా

"నోరు తెరువమ్మా," అన్నాడు సైన్సు మేష్టారు, ఒక చేతిలో గుండె మాత్ర, రెండో చేతిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని.

తల్లి నోరు తెరిచింది. మాత్ర కోసం కాదు, మాట కోసం.

"మందు ఒంటికి పరాయిదిరా. పరాయిదాన్ని లోపలికి రానివ్వొద్దని వెలుగమ్మ చెప్పింది. నేను వేసుకోను."

వెలుగమ్మ మొహం ఎవరూ చూసింది లేదు. రోజూ పొద్దున్నే ఫోనులోంచి పలికే రికార్డు గొంతు, అంతే. తేనె కలిపిన గొంతు. ఆ గొంతు వేన్నీళ్ళు తాగమంటే వీధి వీధంతా వేన్నీళ్ళు తాగేది. మానమంటే మానేది. ఎందుకని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

"డాక్టరు చెప్పింది మర్చిపోయావా? మాత్రలు ఆపితే గుండె ఆగుతుందన్నాడు. పాదాలు చూసుకో, ఎలా ఉబ్బాయో."

"అది లోపలి విషం బయటికి పోవడం."

"ఇదీ అదే చెప్పిందా?"

"అది, ఇది ఏమిట్రా? ఆవిడ అనలేవూ? నువ్వు చెబితే చెవిలో జోరీగలా ఉంటుంది. ఆవిడ చెబితే గుండెల్లోకి దిగుతుంది."

ఆ దిగే గుండే ఉండదని ఎలా చెప్పాలో మేష్టారికి తెలియలేదు. మాత్రని ఫ్రిజ్ మీదున్న నీలం డబ్బాలో పడేసి వంటింట్లోకి నడిచాడు. తల్లి పోతుందేమోనన్న భయం అతన్ని పీక్కుతింటోంది.

వంటింట్లో భార్య ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. ఆమెది ఏదో కంపెనీలో పొద్దస్తమానం మాట్లాడే ఉద్యోగం. ఎవరితో, ఏమిటని మేష్టారు ఎప్పుడూ అడగలేదు. ఫోన్లలో తిట్లు తినే పని కాబోలు అనుకున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం గొంతు అరిగిపోతుందన్నట్టు పొడి పొడి మాటలతో సరిపెట్టేది.

"బట్టలుతికితే మురికి పోతుంది. బుర్రలుతికితే బుర్రే పోతుంది," అన్నాడు మేష్టారు. "గొర్రెలు నయం. కాపరి కనబడితేనే వెనకాల నడుస్తాయి. వీళ్ళకి కాపరి కూడా అక్కర్లేదు, కూత చాలు."

ఆమె నీళ్ళు ఉమ్మేసింది.

"ఒక్కసారి నువ్వు చెప్పి చూడకూడదూ?"

"నా మాట అత్తయ్య వింటారా? పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదండీ."

హాల్లోంచి అత్తగారు అందుకుంది. "దాని చేత చెప్పించకు నాయనా. పగిలిన రేకు డబ్బా గొంతూ అదీనూ. మాట్లాడితే వెలుగమ్మలా మాట్లాడాలి."

"రోజంతా ఆఫీసులో మాట్లాడతావుగా, ఆ నేర్పు కాస్త ఇంట్లో చూపించు," అన్నాడు మేష్టారు. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి."

"అక్కడ నా నేర్పేమీ లేదు. వాళ్ళు రాసిచ్చింది చదవడమే. సొంత మాట ఒక్కటి కలిపినా ఊరుకోరు."

ఇంతలో ఫోనులో వెలుగమ్మ మొదలైంది. భార్య కొళాయి తిప్పింది. ఆ గొంతు వినబడితే చాలు, ఆమె నీళ్ళ చప్పుడు చాటున దాక్కునేది. ఇంట్లో బుద్ధి మిగిలిన మనిషి తనతో పాటు ఇంకొకరున్నారని మేష్టారు గర్వపడేవాడు.

ఆ సాయంత్రం తల్లి కుర్చీలోంచి లేవబోయి, ఊపిరందక మళ్ళీ కూలబడింది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన కోడలు చేతిసంచి గుమ్మంలోనే పడేసి, పరుగున వచ్చి పట్టుకుంది. ఆసుపత్రికి రానని, మాత్ర ముట్టనని ముసలావిడ పళ్ళు బిగించింది. కోడలు చాలాసేపు ఆ ఉబ్బిన పాదాలకేసి చూస్తూ ఉండిపోయింది.

రెండ్రోజుల తర్వాత పొద్దున్నే తల్లి కేక పెట్టింది. "ఒరేయ్, ఇలా రా, విను!"

మేష్టారు విన్నాడు. తేనె గొంతు తాపీగా చెబుతోంది: "ఫ్రిజ్ మీద నీలం డబ్బాలో మాత్రలున్నాయి. అవి పరాయివి కావు, మనవే. లేచి వేసుకోండి."

తల్లి అప్పటికే మాత్ర మింగేసింది. కళ్ళనిండా నీళ్ళు. "చూశావా? నా డబ్బా ఎక్కడుందో ఆవిడకి తెలుసు. నన్నే చూస్తోందిరా."

వారం తిరక్కుండానే వాపు తగ్గింది, ఆయాసం తగ్గింది. ఈలోగా వీధి అంతా గగ్గోలు. పక్కింటి దర్జీ పిన్నికి ఏ జబ్బూ లేదు, ఇంట్లో ఫ్రిజ్జూ లేదు. అయినా ఒక నీలం డబ్బా కొని, అందులో దగ్గు బిళ్ళలు పోసి, బీరువా మీద పెట్టుకుంది. బజారులో నీలం డబ్బాలు కరువయ్యాయి. ఎరుపు డబ్బాలవాళ్ళు వాటికి నీలం రంగు పూసుకున్నారు.

మేష్టారు మొదట ఫోనుని అనుమానించాడు. మన మాటలు వింటోందేమోనని దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత కిటికీలని అనుమానించాడు. ఏదీ తేలలేదు. తేలకపోయేసరికి, అన్నేళ్ళు పిల్లలకి చెప్పిన సైన్సు జావగారిపోయింది.

"మనకి అందని శక్తులుంటాయి. సైన్సు కూడా కాదనదు," అన్నాడు ఒక సాయంత్రం భార్యతో. అమ్మ బతికిందన్న సంతోషంలో లెంపలు వేసుకున్నాడు. "నేనే కళ్ళుండీ చూడలేకపోయాను."

ఆమె గ్లాసులో ఉప్పు కలుపుతోంది. చాలా అలిసిపోయినట్టుంది.

"ఆఫీసులో ముందు చెడామడా తిట్టారు," అంది. "ఇవాళ పిలిచి జీతం పెంచారు."

"మంచిది, మంచిది," అన్నాడతను, వినిపించుకోకుండా. ఫోనుని కళ్ళకద్దుకుని తల్లి పక్కన పెట్టి వచ్చాడు. "వచ్చే వారం వెలుగమ్మగారు ఏం సెలవిస్తారో!"

ఆమె పుక్కిలించి ఉమ్మేసి, అతనికేసి ఒక్క క్షణం చూసింది.

"ఇంకా రాసివ్వలేదండీ," అంది.