పొర చిరగకూడదు

చారు నింపిన డంప్లింగ్ పిండిపొర చిరిగిందంటే పెళ్ళి పెటాకులే. ఆ సంగతి లీజూకి వారం ముందే చెప్పేశాడు వెన్‌షెంగ్.

"మా అమ్మ జాతకాలూ గీతకాలూ చూడదు. డంప్లింగ్ ఎలా తింటారో చూస్తుంది. లోపలి చారు ఒలికిందా, ఆ మనిషి చేతిలో సంసారం నిలవదంటుంది."

"ఇదేం చోద్యం! ఇంతకుముందు ఎవర్నైనా చూసిందా?"

"ఇద్దర్ని. ఒకరు కొరకగానే చారు చిమ్మి అమ్మ కళ్ళజోడు మీద పడింది. రెండో మనిషి..." వెన్‌షెంగ్ గొంతు తగ్గించాడు. "చాప్‌స్టిక్‌తో పొడిచింది, లీజూ. పొడిచింది!"

"మీ అమ్మ నన్నూ వద్దంటే?"

వెన్‌షెంగ్ నేల చూపులు చూశాడు. "అమ్మ మాట నేనెప్పుడూ దాటలేదు."

అలాంటివాణ్ణి ప్రేమించింది మరి. కుంచెతో అందంగా రాయడం నేర్పే క్లాసులో పరిచయం. అతను క్లాసు లీడరు. హాజరు తీసుకునేటప్పుడు అందర్నీ ఒక్కసారి పిలిచి, లీజూ పేరు మాత్రం రెండుసార్లు పిలిచేవాడు. క్లాసంతా కిసుక్కుమనేది. ఆ రెండో పిలుపు కోసమే ఆమె ఒక్క క్లాసు కూడా మానలేదు.

లీజూ వారం రోజులు కఠోర సాధన చేసింది. సూపర్‌మార్కెట్లో గడ్డకట్టిన డంప్లింగుల పొట్లాలు కొని, ఆవిరి మీద ఉడికించి, రోజుకి ఇరవై చొప్పున తింది. ఇంట్లో వాళ్ళకి అవే పెట్టింది. నాలుగో రోజుకి వాళ్ళకి మొహం మొత్తింది గానీ ఎవరికీ అనుమానం రాలేదు.

శనివారం పొద్దున, స్పెషల్ క్లాసుందని అబద్ధం చెప్పి బయటపడింది. గులాబీరంగు జాకెట్టు వేసుకుంది. మెట్రోలో లిప్‌స్టిక్ రెండుసార్లు రాసి రెండుసార్లూ తుడిచేసింది. రెండింటికల్లా ఇంట్లో ఉండకపోతే ఆరాలు మొదలవుతాయి.

హోటలు ముందు ఎప్పట్లాగే తిరనాళ్ళ జనం. తైపేలో ఈ హోటలుకి ఎన్ని శాఖలున్నా ఏ ఒక్కటీ ఖాళీగా ఉండదు. చీటీ మీద నంబరు నూట పద్నాలుగు. తలుపు పైన తెర మీద నడుస్తున్నది డెబ్భై ఒకటి.

తెర మీద తొంభై దాటేసరికి వెన్‌షెంగ్ వచ్చాడు. అతని ముందు ఎర్ర గొడుగు నేలకి టకటక కొట్టుకుంటూ వాళ్ళమ్మ. ఆవిడ లీజూని ఎగాదిగా చూసింది.

"ఇంత సన్నగా ఉన్నావేంటమ్మాయ్? అన్నం తింటావా, గాలి పీల్చి బతుకుతావా?"

"తింటానండీ."

"చూద్దాంగా."

లోపల కూర్చోగానే పెన్సిలూ, ఏం కావాలో గుర్తులు పెట్టే కాగితమూ లీజూ చేతికిచ్చారు. దాని మీద అక్షరాలు చీమల్లా కనబడ్డాయి. అంచనా మీద గీతలు గీసేసింది. మూడు బుట్టల డంప్లింగులనుకుంటే తొమ్మిది వచ్చాయి.

"ఇంత తిండిపోతుని నా ఇంటికి తెస్తున్నావట్రా?" అంది తల్లి. వెన్‌షెంగ్‌కి చెమటలు పట్టాయి.

అద్దాల వెనక మాస్కులు కట్టుకున్న వంటవాళ్ళు ఒక్కో డంప్లింగ్‌కీ పద్దెనిమిది మడతలు వేస్తున్నారు. లీజూ డంప్లింగ్‌ని పై మడతల కొప్పు దగ్గర సుతారంగా పట్టి చెంచాలోకి దించింది. పక్కన ఇంతే చిల్లు కొరికింది. చారు పీల్చింది. నాలుక చుర్రుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం తెరవలేదు. వెనిగర్‌లో నానిన అల్లం నాలుగు పోగులు పెట్టి మొత్తం నోట్లో వేసుకుంది.

ఒక్క చుక్క పడలేదు.

"ఊఁ," అంది తల్లి. "ఇంకోటి."

రెండోదీ గట్టెక్కింది. మూడోది చెంచాలో ఉంది. తల్లి ముక్కు దాదాపు ఆ చెంచాకి ఆనింది. వెన్‌షెంగ్ ఊపిరి బిగబట్టి లీజూనే చూస్తూ, ఆ కంగారులో తన గిన్నెలో డంప్లింగ్‌ని చాప్‌స్టిక్‌తో కసుక్కున పొడిచాడు.

చారు లేచి సూటిగా వాళ్ళమ్మ చెంప మీద పడింది.

లీజూ పెదాలు బిగించింది. బుగ్గలు ఉబ్బాయి. ఇక ఆగలేదు. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వింది. చేతిలో చెంచా ఊగి, మూడో డంప్లింగ్ జారి, పొర చిరిగి, చారంతా గులాబీరంగు జాకెట్టు మీద ఒలికింది.

అయిపోయింది. వారం సాధనా గంగలో కలిసింది. వెన్‌షెంగ్ కళ్ళు మూసుకున్నాడు.

తల్లి చెంప తుడుచుకుంది. కొడుకుని చూసింది. లీజూ జాకెట్టు చూసింది. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. బల్ల పట్టుకుని మరీ నవ్వింది.

"వచ్చినవాళ్ళకి వంకలు పెట్టాను గానీ, చేతకానివాడు నా కొడుకే! వీడికి ఇంకా నేనే మేజోళ్ళు వెతికి పెడుతున్నానమ్మాయ్. ఇక నీ వంతు."

మొదటి బుట్టలో చివరి డంప్లింగ్ మిగిలింది. ఆవిడ తన చాప్‌స్టిక్‌లతో దాన్ని చిరగకుండా ఎత్తి లీజూ గిన్నెలో పెట్టింది. అల్లం ఘాటని చెప్పి వెన్‌షెంగ్ కళ్ళు తుడుచుకున్నాడు. లీజూకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"మరి మీ ఇంట్లో ఏమంటారు?" అడిగింది తల్లి.

లీజూ మొహం వాడిపోయింది. "వాళ్ళకి తెలీదండీ. క్లాసుకని చెప్పొచ్చాను."

"దొంగా! ఫోన్ కలుపు. ఎవరు కాదంటారో నేనూ చూస్తా."

లీజూ వీడియో కాల్ నొక్కింది.

మూడో రింగుకి, చంకలో పసివాడితో ఒక పాతికేళ్ళ పిల్ల తెర మీద ప్రత్యక్షమై, హోటలంతా వినబడేలా అరిచింది: "క్లాసని చెప్పి ఎవరితో షికార్లు కొడుతున్నావు అమ్మమ్మా?"