వాన చివర చుక్క

పాత కంప్యూటర్‌ను ఎత్తబోతున్న పెద్దాయనకు బొమ్మలక్క అడ్డం పడింది.

"ఒక్క నిమిషం ఆగండి బాబాయ్ గారూ!"

"ఊరికే ఇచ్చేస్తామని గుమ్మానికి కాగితం అంటించింది మీరేగా అమ్మా?"

"అంటించింది వీళ్ళు. నేను కాదు."

వీళ్ళంటే ఆ గదిలో ఆమెతో కలిసి పనిచేసే ఇద్దరు. పుస్తకాలకు అట్టలు గీసే అట్టలన్న, వీడియోలు కత్తిరించే కత్తెర తమ్ముడు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది గనక ఈమె బొమ్మలక్క. ముగ్గురూ కూడబలుక్కుని ఈమధ్యే పాత కంప్యూటర్లకు ఓ నమస్కారం పెట్టి, పూర్తిగా వేరే రకానికి మారారు.

పాత ఒక రోత, కొత్త ఒక వింత అన్నారు గానీ, ఆ గదిలో మాత్రం కొత్త కోడలు దిగినట్టే ఉంది. మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకుంటున్నారు, మూతి విరిచేవాళ్ళు విరుస్తున్నారు.

"నాకైతే హాయి బాబాయ్! ఇదివరకు వీడియో తయారయ్యేలోపు ఓ కునుకు తీసేవాణ్ణి. ఇప్పుడా కునుకు ఒక్కటే నష్టం" అన్నాడు కత్తెర తమ్ముడు.

"తెర మీద ఏ రంగుంటే అచ్చులోనూ అదే వస్తోంది. వేళ్ళే, అలవాటు చావక పాత మీటలు వెతుక్కుంటున్నాయి" అన్నాడు అట్టలన్న.

పెద్దాయన బొమ్మలక్క వైపు తిరిగాడు.

"మరి మీకేం తక్కువైందమ్మా?"

"వాన."

ఆయనకు అర్థం కాలేదేమోనని తన పాత పుస్తకం ఒకటి తెరిచి చూపించింది. పేజీ నిండా వాన.

"పాతదాంట్లో బొమ్మలు గీయడానికి తడి కుంచె అనే ప్రోగ్రాం ఒకటుండేది బాబాయ్ గారూ. గీత గీసి చెయ్యెత్తితే చివర ఓ చుక్క ఎడమకి ఒరిగి జారేది."

"అది లోపం అక్కా! ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు కత్తెర తమ్ముడు.

"నోర్మూసుకో. ఆ లోపమే నాకు అన్నం పెట్టింది."

ఏడిపించాడే గానీ, వాడికీ దిగులుగానే ఉంది. కొత్త పుస్తకం మొత్తం వాన కథే. పబ్లిషర్ ఇప్పటికే రెండుసార్లు బొమ్మలు తిప్పి పంపాడు. 'ఇది మీ వాన కాదు' అన్నాడు. ఈసారీ కుదరకపోతే పుస్తకం ఇంకొకరి చేతికి పోతుంది. పోనీ పాతదాని మీదే వేద్దామంటే, అది పేజీ పూర్తికాకుండానే బిగుసుకుపోతోంది.

పెద్దాయన ఆ వాన పేజీని చాలాసేపు చూశాడు.

"ఆ కుంచె కొత్తదానికి దొరకదా?"

"ఎక్కడిది! అది చేసినాయన దుకాణం కట్టేసి ఎటో వెళ్ళిపోయాడు. మమ్మల్ని నట్టేట ముంచాడు మహానుభావుడు. కనిపిస్తేనా..."

"కనిపిస్తే?"

"ముందు దండం పెడతాను. తర్వాత దులిపేస్తాను."

పెద్దాయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"కొత్తదాంట్లో ఎవరి కుంచె వాళ్ళే చేసుకోవచ్చటగా?"

"చేశాను. చుక్క చచ్చినా జారడం లేదు."

"కాగితం మీద అసలు కుంచెతో గీసి, ఆ గీతను స్కాన్ చేసి దానికివ్వండి. ఏదీ, ఓ కుంచె, కాస్త సిరా ఇలా ఇప్పించండి."

పెద్దవాడి మాట కాదనలేక ఇచ్చింది. ఆయన ఓ మూల కూర్చుని గీస్తున్నాడు. బొమ్మలక్క చూపంతా పాత కంప్యూటర్ మీదే ఉంది. మొదటి పుస్తకం నుంచీ తోడున్నది మరి.

"ఆరాక చూసుకోండమ్మా. నా చేతికి కుదురు లేదు, ఏమనుకోకండి."

"ఇంతకీ ఈ డొక్కు మీకెందుకు బాబాయ్ గారూ?"

"ఇంట్లో నాది చచ్చిపోయింది. నేను చేసుకున్న పని కొంత ఉంది, ఇలాంటిదాంట్లో తప్ప తెరుచుకోదు. మళ్ళీ ఒకసారి చూసుకోవాలనిపించింది."

'నాలాంటి పిచ్చి ఇంకొకరికీ ఉంది' అనుకుంది బొమ్మలక్క. ఆ ఒక్క మాటతో మనసు కుదుటపడింది. తనే గుడ్డ తీసుకుని దుమ్ము తుడిచి, ఆయన చేతుల్లో పెట్టింది.

పెద్దాయన దాన్ని పసిపిల్లలా హత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఆయన కనిపిస్తే దండం దాకా చాలు. దులపకండి. ఏ కష్టమొచ్చి దుకాణం కట్టేశాడో ఏమో."

"సరే, మీ ముఖం చూసి వదిలేస్తున్నా!"

అందరూ నవ్వారు. ఆయన వెళ్ళిపోయాడు.

టీ తాగి, ఆరిన గీతను స్కాన్ చేసి, కుంచె తయారుచేసింది బొమ్మలక్క. పెద్ద నమ్మకమేం లేకుండానే ఓ గీత గీసి చెయ్యెత్తింది.

చివర ఓ చుక్క ఎడమకి ఒరిగి, మెల్లగా జారింది.

"అక్కా! నీ లోపం వచ్చేసింది!" కత్తెర తమ్ముడు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

ఇంకేముంది, ఆమె చెయ్యి ఆగలేదు. కొత్త యంత్రమూ ఆగలేదు. పేజీ నిండా వాన కురిపించి, అక్కడికక్కడే పబ్లిషర్‌కు పంపింది. ఫోను మోగింది.

"ఇదమ్మా మీ వాన! కానివ్వండిక!"

బొమ్మలక్క ప్రాణం లేచొచ్చింది. సంబరం పట్టలేక పాత పుస్తకం తెచ్చి, కొత్త వాన పక్కన పెట్టి చూసుకుంది. అదే ఒంపు, అదే జారుడు, అదే చుక్క. తర్వాత పెద్దాయన గీసిచ్చిన కాగితం అందుకుని ఆ గీత వంక చూసింది. ఒకరి చేతి గీత ఇంకొకరికి రాదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

ఒక్క ఉదుటున గుమ్మంలోకి పరుగెత్తింది. వీధిలో ఎవరూ లేరు.

మొదటి పుస్తకం నుంచీ తన బొమ్మల్లో కురుస్తున్నది ఆయన చేతి వానేనని అప్పుడు తెలిసి, బొమ్మలక్క ఆ ఖాళీ వీధికే దండం పెట్టింది.