పక్కసీటు మలుపు

టైర్లు తమను నడిపినవాళ్ల చేతి తీరునీ, పక్కసీట్లో కూర్చున్నవాళ్ల బరువునీ గుర్తుపెట్టుకునే రోజులొచ్చాయి. భర్త భాస్కరం పోయాక మందాకిని ఆయన కారుకు కొత్త టైర్లు వేయించింది. పాతవాటితో స్టీరింగ్ బిగుసుకుపోయి ఆమె చేతికి లొంగేది కాదు. పక్కింటి హైమ అడిగితే ఆ పాతవి ఇచ్చేసింది.

ఇచ్చిన దగ్గర్నుంచీ మనశ్శాంతి లేదు. హైమ ఎర్రకారు వీధి మలుపులో అచ్చం ఆయన తిప్పినట్టే ఒక్క దూకు దూకి తిరిగేది. చూసినప్పుడల్లా మందాకినికి ఒళ్లు మండిపోయేది.

"పిన్నిగారూ, అరకు దాకా రండి. బాబాయిగారి టైర్లు ఎలా దూకుతాయో చూద్దురుగాని!" అని ఓ రోజు హైమ పిలిచింది.

"అంటే మా ఆయన ఇప్పుడు నీతో షికార్లు చేస్తున్నాడన్నమాట," అని మూతి తిప్పుకుంటూనే మందాకిని ఎక్కి పక్కసీట్లో కూర్చుంది.

ఘాట్ రోడ్డు మొదటి మలుపులో హైమ స్టీరింగ్ విసురుగా తిప్పింది. కారు దూకలేదు. ఉయ్యాల ఊగినట్టు మెత్తగా తిరిగింది.

"ఇదేంటి, ఎప్పుడూ ఇలా చెయ్యలేదే! గాలి తగ్గిందంటారా?"

మలుపుల్లో భార్యకు కళ్లు తిరుగుతాయని, ఆమె పక్కనున్నప్పుడు మాత్రం భాస్కరం అలాగే నడిపేవాడు.

"తగ్గే ఉంటుందిలే," అంది మందాకిని. అసలు సంగతి హైమకు చెప్పబుద్ధి కాలేదు. టైర్లు ఎలాగూ ఇచ్చేసింది, అదొక్కటీ తన దగ్గరే ఉంచుకుంది.