ఆర్మస్‌కు సరిపడని తుపాకీ

“ఇదీ నచ్చలేదా? పెళ్లిసంబంధాలు చూసినట్టు చూస్తున్నావేమయ్యా! ఒకటి పొడుగంటావు, ఒకటి బరువంటావు!” హిల్కా మొగుడి మీద కస్సుమంది.

ఆర్మస్ తుపాకీని బల్ల మీద పెట్టి భుజం రుద్దుకున్నాడు. “దీని మడమ భుజానికి గుచ్చుకుంటోందే. నేనేం చెయ్యను?”

తుపాకుల కొట్టు నడిపే వెన్లా ఆ షాట్‌గన్‌ని కూడా తీసి పక్కన పెట్టింది. ఆగస్టు ఇరవై దగ్గర పడింది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఫిన్లాండులో ఏ చెరువు గట్టు చూసినా బాతుల వేటగాళ్లే. ఇంత ముంచుకొచ్చాక కూడా ఇన్ని వంకలు పెట్టే మనిషిని ఆమె చూడలేదు.

“నువ్వే చెప్పు తల్లీ,” హిల్కా ఆమె వైపు తిరిగింది. “మా వేట సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి బాతు ఎవరు కొడితే, వచ్చే ఆదివారం సంఘమంతటికీ బాతు పులుసు విందు వాళ్లింట్లో. కొత్త కాపురంలో మా ఇంట్లో ఒక్కసారి జరిగింది. అంతే! మళ్లీ ఈయన చేతిలో ఒక్క ఈక కూడా రాలలేదు. ఏటా ఒకళ్లింటికి పోయి తినిరావడమే. నాకు తల కొట్టేసినట్టుంటోంది. ఈ ఏడు కూడా నా పొయ్యి మీద ఆ పులుసు ఉడక్కపోతే ఇంకెవరింటి గడపా తొక్కను.” చివరి మాటకి ఆవిడ కళ్లు తుడుచుకుంది.

వెన్లాకి జాలేసింది. “పాత తుపాకీ ఎలాంటిదండీ?”

“మా నాన్నది. జంట గొట్టాలది,” అన్నాడు ఆర్మస్.

“అదీ సంగతి! అది సీసం గుళ్ల కాలం నాటిది. ఇప్పుడు చెరువుల మీద ఉక్కు గుళ్లే కదా కాల్చాలి. వాటికి గొట్టం మూతి అంత ఇరుగ్గా ఉండకూడదు. ఇదుగో, దీన్ని చూడండి. వెనక్కి తన్నదు, తేలిగ్గా తిరుగుతుంది. పెరట్లో యంత్రంతో నాలుగు మట్టి బిళ్లలు ఎగరేస్తాను, కొట్టి చూడండి.”

పెరట్లో మొదటి బిళ్ల ఎగిరింది. తప్పిపోయింది. రెండోదీ, మూడోదీ అంతే.

“చూశావా? ఈయన ఆకాశాన్ని కొట్టడానికే పుట్టాడు! నా వల్ల కాదు, నేను పోయి కాఫీ తాగుతా,” అని హిల్కా విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

వెన్లాకి మాత్రం ఏదో తేడాగా అనిపించింది. తుపాకీ ఆయన భుజానికి వెన్నలా జారి కుదురుకుంటోంది. చెంప సరిగ్గా ఆనుతోంది. తీరా మీట నొక్కే ముందు గొట్టం రవ్వంత పైకి లేస్తోంది. ఇంత ఒడుపుగా తుపాకీ ఎత్తే మనిషి ఇంత దారుణంగా తప్పడమేమిటి? ఉండబట్టలేక, చెప్పాపెట్టకుండా రెండు బిళ్లలు ఒకేసారి వదిలింది.

ఢాం! ఢాం! రెండూ పిండి పిండి అయిపోయాయి.

ఆర్మస్ నాలుక కరుచుకున్నాడు. గబగబా తలుపు వైపు చూశాడు.

“అమ్మ మీ అసాధ్యం కూలా!” వెన్లా నోరు తెరిచింది. “కావాలనే తప్పిస్తున్నారా?”

“మెల్లగా అమ్మాయీ, నీకు పుణ్యముంటుంది!”

“పాపం, ఆవిడ ఏడుపొక్కటే తక్కువ. ఎందుకండీ ఇలా చేస్తున్నారు?”

ఆయన దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పాడు. “మాంసం మెత్తబడాలంటే వండేముందు బాతుని వేలాడదీయాలని మా ఆవిడకి వాళ్లమ్మ నేర్పింది. అందరూ వేలాడదీస్తారనుకో, చల్లటి చోట ఒకటి రెండు రోజులు. ఇది షెడ్డులో, ఆగస్టు ఎండలో, మెడ దానంతటది ఊడేదాకా దించదు. ఆ పులుసు... అబ్బో! కుండ ఖాళీ అయ్యేదాకా బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేవకూడదని ఇంకో ఆనవాయితీ ఒకటి. అప్పుడు తిన్నవాళ్లు ఇప్పటికీ నాకు చేతులెత్తి దండం పెడతారు, ‘ఆర్మస్, నీ గురి ఇలాగే చల్లగా ఉండాలి’ అని.”

వెన్లాకి నవ్వాగలేదు. “ఆవిడకు చెప్పెయ్యొచ్చు కదా?”

“ఎలా చెప్పను? ఆ రోజు అది ఎంత ఆపేక్షగా వడ్డించిందో తెలుసా? అది నొచ్చుకుంటే నేను చూడలేను. ఆకాశాన్ని కొట్టేవాడనిపించుకోవడం నయం.”

అంతలో తలుపు కిర్రుమంది. హిల్కా నిలబడి ఉంది. ఆవిడ చేతిలో ఆర్మస్ వద్దన్న తుపాకుల్లో ఒకటి ఉంది.

“కిటికీలోంచి అంతా చూశాను,” అంది హిల్కా. “రెండు బిళ్లలూ కొట్టావు కదూ?”

ఆర్మస్ తుపాకీని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

హిల్కా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు. “పిచ్చి మారాజా! నీది జాలిగుండె అని ముందే చెప్పొచ్చు కదయ్యా. బాతు ప్రాణం తియ్యలేక ఇన్నేళ్లూ అందరి చేతా మాటలు పడ్డావా?”

ఆయన అవుననలేక, కాదనలేక వెన్లా వైపు చూశాడు. వెన్లా పెదవి బిగబట్టి బిళ్లల యంత్రం వైపు తిరిగింది.

“నిన్నింక బాధపెట్టనులే. నాకూ వేట కార్డుంది. నువ్వు బద్ధకించి ఊరుకుంటావని తుపాకీ పర్మిట్ కూడా నా పేరు మీదే తీశాను. అమ్మాయీ, రెండు తూటాలియ్యి. బిళ్లలు వదులు.”

వదిలింది. ఢాం! ఢాం! గాలిలో దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. ఆర్మస్ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. వెన్లా ఇంక ఆపుకోలేక, కడుపు పట్టుకుని పడీ పడీ నవ్వింది.

“నాకు అతికినట్టు సరిపోయింది, ఇదే కట్టు!” హిల్కా సంబరంగా వెన్లాని కావలించుకుంది. “విందుకి నువ్వు రావాలి తల్లీ, నా ఒట్టే. ఇంత మంచి తుపాకీ ఇచ్చినదానివి, మొదటి గిన్నె నీకే!”