కొండమీద కాపురం

"రెండిళ్ళున్నాయండి. మీకు ఏది నచ్చితే అది తీసుకోండి," అన్నాడు జ్ఞానప్రకాశం.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. పట్టిసీమ ఎగువనున్న అడవుల నుంచి కలప దిగేది. ఆ కలప డిపోలో గుమాస్తాగా చేరడానికి గున్నేశ్వరరావు తణుకు నుంచి వచ్చాడు. వెంట కూతురు అమ్మణ్ణి ఉంది. జ్ఞానప్రకాశం అదే డిపోలో పెద్ద గుమాస్తా.

మొదటిది రేవు పక్కన పెంకుటిల్లు. పెరట్లో నుయ్యి. చుట్టూ డిపో వాళ్ళ కుటుంబాలు. రోజూ పడవలు ఆగుతాయి. ఊళ్ళ కబుర్లన్నీ అక్కడే దిగుతాయి.

రెండోది కొండమీద. వెదురు పొదలు దాటి, టేకు చెట్ల మధ్య అరగంట ఎక్కాలి. ఎవరో దొర సరదాపడి కట్టించుకుని, జ్వరానికి జడిసి వదిలేసిన రెండు గదులు.

"కొండమీదిదే ఇప్పించండి," అన్నాడు గున్నేశ్వరరావు.

"అక్కడ చలిజ్వరం పట్టుకుందంటే వదలదండి. పైగా పెళ్ళయిన పిల్ల. పలకరించే మనిషి కూడా ఉండడు."

"చెట్ల గాలి మంచిదండి. మా పిల్లకి జనం అలవాటు లేదు."

తణుకు నడిబజారులో పెరిగిన పిల్లకి జనం అలవాటు లేకపోవడమేంటో జ్ఞానప్రకాశానికి అర్థం కాలేదు. అమ్మణ్ణి బట్టల మూట చంకన పెట్టుకుని తండ్రి వెనకాలే కొండెక్కింది.

ఆమెకు పదిహేడేళ్ళు. తల్లి చిన్నప్పుడే పోయింది. పన్నెండో ఏట పెనుగొండ సంబంధం చేశారు. అల్లుడు బియ్యం వ్యాపారం మీద రంగూన్ వెళ్ళాడు. తిరిగొచ్చాక కాపురానికి తీసుకెళ్ళాలన్నది పెద్దల మాట.

రెండు నెలలకోసారి గున్నేశ్వరరావు డిపో నుంచి ఒక ఉత్తరం తెచ్చేవాడు. అమ్మణ్ణికి చదువు రాదు. వంటింటి గడప మీద కూర్చుని తండ్రే చదివి వినిపించేవాడు.

"అక్కడ వానలు ఎక్కువట. వ్యాపారం ఇంకా కుదుటపడలేదట. మరో ఏడాది పడుతుందంటున్నాడమ్మా."

"ఒంట్లో బాగుందని రాశారా నాన్నా?"

"బాగుందట."

"నూనె తలంటు మానొద్దని రాయి," అని ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరిగేది.

రేవులో గాజుల వాళ్ళ పడవ ఆగితే గున్నేశ్వరరావు ఒట్టిచేతులతో ఇంటికి వచ్చేవాడు కాదు. పువ్వులు దొరికితే ఉత్తరీయం చెంగున తడిపి కట్టుకుని తెచ్చేవాడు. పొద్దున్నే కూతురు అద్దం ముందు కూర్చుని బొట్టు పెట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఆ తర్వాతే చెప్పులు తొడుక్కుని పనికి దిగేవాడు.

శివరాత్రికి డిపో వాళ్ళు పట్టిసీమ తీర్థానికి పడవ కట్టించుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి జ్ఞానప్రకాశం కొండెక్కి వచ్చాడు.

"అమ్మాయిని పంపండి. తణుకు వాళ్ళు కూడా వస్తారట. మీ వాళ్ళని చూసినట్టుంటుంది."

గున్నేశ్వరరావు మొహం పాలిపోయింది. మీసం తడుముకున్నాడు.

"నాకు తోపులాట పడదండి బాబాయిగారూ," అంది అమ్మణ్ణి తలుపు చాటు నుంచి.

ఆ రోజంతా కింద నుంచి డప్పులు వినిపించాయి. తండ్రీకూతుళ్ళు అరుగు మీద కూర్చుని వింటూ ఉండిపోయారు.

మూడో ఏడు వానల్లో జ్వరం వచ్చింది. అమ్మణ్ణికి కాదు, గున్నేశ్వరరావుకి. మొదట రోజు విడిచి రోజు వణికేవాడు. తర్వాత రోజూ వణికాడు. క్వినైన్ పొడి నోరు చేదు చెయ్యడం తప్ప మరేమీ చెయ్యలేదు. నెల తిరిగేసరికి మంచం మీంచి లేవలేకపోయాడు.

ఒక ఉదయం జ్ఞానప్రకాశం నలుగురు మనుషులతో, డోలీతో వచ్చాడు.

"పడవ రేవులో సిద్ధంగా ఉందండి. రేపటికల్లా రాజమండ్రి ఆసుపత్రిలో ఉంటారు. ఇక్కడే ఉంటే మాత్రం వారం గడవదు."

"నేను రానండి."

"అమ్మాయిని కూడా తీసుకెళ్దాం. రాజమండ్రి బజారు నిండా మీ వాళ్ళేగా. వాళ్ళు చూసుకుంటారు."

ఆ మాటకి రోగి మోచేతి మీద లేచాడు. "రాజమండ్రి వద్దు. తణుకూ వద్దు. నేను పోయినా దాన్ని ఇక్కడే ఉండనివ్వండి. మీరు నాకు మాటివ్వాలి."

"ఈ అడవిలోనా? ఒంటరిగానా? ఎందుకండీ?"

గున్నేశ్వరరావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అది జ్వరం వణుకో, ఏడుపో జ్ఞానప్రకాశానికి తెలియలేదు. బయటికి వచ్చి, డోలీ వాళ్ళని చెట్ల కింద కాసేపు ఆగమన్నాడు.

అమ్మణ్ణి లోపలికి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. పైటచెంగుతో తండ్రి మొహం తుడిచింది.

"బాబాయిగారు చెప్పినట్టు వెళ్దాం నాన్నా."

"వద్దమ్మా. ఇక్కడుంటే నువ్వు ఇలాగే ఉంటావు."

బయట చెట్ల మీంచి వాన నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. అమ్మణ్ణి తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వంగి, అతనికి మాత్రమే వినపడేలా అంది:

"ఆయన రంగూన్‌లో పోయారన్న కబురు మనం తణుకులో ఉండగానే నా చెవినపడింది నాన్నా, ఈ బొట్టూ గాజులూ ఇన్నాళ్ళూ నీ కోసమే ఉంచుకున్నాను, ఇక ఎవరు తీసేసినా ఫరవాలేదు, లే, పడవెక్కుదాం."